నంబరు ప్లేటు ఉండగా ఫోనెందుకు?

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, బండిది ఏపీ నంబరు. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడల్లా లైసెన్సు చూపేందుకు డిజీలాకర్ యాప్ తెరిచి ఫోను చేతికిస్తున్నాను. ఒక్కోసారి ఆయన దాన్ని పట్టుకుని పక్కనున్న ఎస్సై దాకా వెళ్తున్నారు. ఇవ్వనంటే తప్పా?

జవాబు: మళ్లీ అదే ప్రశ్న! చూపించడం తప్పనిసరి, చేతికివ్వడం కాదు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాల్సిందే. కేంద్ర నిబంధనల్లోని 139వ రూలు ప్రకారం ఎలక్ట్రానిక్ పత్రమూ చెల్లుతుంది, ఏ రాష్ట్రం నంబరైనా సరే. కాకపోతే డిజీలాకర్‌లో 'ఇష్యూడ్' కింద ఉన్నదే చూపండి. మీరే ఫొటో తీసి అప్‌లోడ్ చేసుకున్నదాన్ని పోలీసు ఒప్పుకోకపోతే ఆయన తప్పు కాదు.

అసలు ప్లేటు మీది నంబరు కొడితే ఆర్సీ, ఇన్సూరెన్సు, కట్టని చలాన్లు ఆయన చేతిలోని మెషీన్లోనే కనిపిస్తాయి. ఇక మీ వాట్సాప్, గ్యాలరీ చూసే అధికారం మామూలు పత్రాల తనిఖీతో రాదు. కేసు పెట్టి సోదా చేయడం వేరు. దానికి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 105వ సెక్షన్ ప్రకారం వీడియో కూడా తీయాలి.

నా భయం చట్టం గురించి కాదు, లాక్ తీసి ఉన్న ఆ ఫోను గురించి. బ్యాంకు ఓటీపీ వచ్చేదీ, ఈమెయిల్ పాస్‌వర్డు మార్చగలిగేదీ అందులోనే. ఇవ్వక తప్పకపోతే ముందు దాన్ని ఒక్క యాప్‌కి కట్టేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీలోకి వెళ్లి 'యాప్ పిన్నింగ్' ఆన్ చేయండి. అన్‌పిన్ చేసేముందు పిన్ అడగాలన్న ఆప్షన్ కూడా ఆన్ చేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, అప్పుడు ఎవరైనా చిటికెలో బయటికొచ్చేస్తారు. ఐఫోన్‌లో ఇదే పనికి సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్ ఉంది. పాస్‌కోడ్ పెట్టుకుని, డిజీలాకర్ తెరిచాక పక్క బటన్ మూడుసార్లు నొక్కాలి. ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి, సిగ్నల్ దగ్గర నేర్చుకునే పని కాదిది.

ఇంత తిప్పలు మనకెందుకు? విమానం బోర్డింగ్ పాస్‌ని లాక్ స్క్రీన్ మీదే చూపే ఫోనులో లైసెన్సు చూపాలంటే మాత్రం లాక్ తీసి, యాప్‌లోకి లాగిన్ అయి, వెనక హారన్లు మోగుతుంటే పత్రం వెతుక్కోవాలి. ఇలాంటి యాప్ తయారుచేసేవాళ్లు సిల్క్ బోర్డు జంక్షన్లో మిట్టమధ్యాహ్నం ఒకసారి వాడి చూడాలి.

వాహనాల వివరాల మీద ప్రభుత్వానికున్న శ్రద్ధా తెలిసిందే. 2019లో ఆ డేటాను టోకున అమ్మే విధానం తెచ్చి, 2020లో రద్దు చేసింది. అప్పటికే కొన్నవాళ్ల దగ్గరున్నది వెనక్కి రాదుగా! అందుకే మీ బండి నంబరు సరిగ్గా రాసి వాట్సాప్‌లో చలాన్ వచ్చినా నమ్మకండి. చలాన్ ఎప్పుడూ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా (.apk) రాదు. ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి ఓటీపీలు లాగేస్తుంది. చలాన్లు చూడాలంటే పరివాహన్ ఈ-చలాన్ సైటు అడ్రసు మీరే టైపు చేయండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోను నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చేయండి.