స్టైపెండ్ వస్తోందని ఇంట్లో అబద్ధం చెప్పాను, ఇప్పుడెలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను, మొదటి సంవత్సరం అయిపోయింది. ఏప్రిల్ నుంచి మా సార్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఊళ్లలో నింపుకొచ్చిన సర్వే ఫారాలను ఎక్సెల్‌లో ఎక్కించడం నా పని. స్టైపెండ్ లేదు. డబ్బులు రాకపోతే నాన్న పంపరని, నెలకు 8 వేలు ఇస్తారని ఇంట్లో చెప్పేశాను. మొదటి నెల ఫ్రెండ్ దగ్గర, రెండో నెల లోన్ యాప్‌లో తీసుకుని నాన్న చేతిలో పెట్టాను. ఆయన సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బట్టల షాపులో గుమాస్తా. నా డబ్బు వస్తుందన్న ధీమాతో నెలకు 5 వేల చిట్టీలో చేరారు. బాబాయేమో ఇది మానేసి, మాదాపూర్‌లో 15 వేలు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారట, అందులో చేరమంటున్నారు. సార్ రికమండేషన్ లెటర్ ఇస్తానన్నారు, పేపర్‌లో పేరు వేస్తానన్నారు, ఎప్పుడో మాత్రం చెప్పరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఉప్పల్ నుంచి ఒక అమ్మాయి

జవాబు: ముందు ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు తల్లీ. ఈ పనికి డబ్బులేమైనా ఉంటాయా సార్ అని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగావా? నీ ఉత్తరంలో అడిగినట్టు ఎక్కడా లేదు. నాన్ననీ అడగలేదు, పంపరని నువ్వే అనేసుకున్నావు. ఇద్దరు పెద్దవాళ్ల తరఫున జవాబులు నువ్వే చెప్పుకుని, వాటికి వడ్డీ కూడా నువ్వే కడుతున్నావు.

లోన్ యాప్ సంగతి అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. మూడో నెల కోసం ఇంకో యాప్ వెతుకుతూ ఉంటే, దయచేసి ఇక్కడితో ఆపెయ్. ఆ అప్పు ఏ బ్యాంకుదో, ఏ ఫైనాన్స్ కంపెనీదో యాప్‌లో పేరు ఉందా చూడు. 2022లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్‌లు నీ కాంటాక్ట్ లిస్టు, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. ఆ పర్మిషన్లు ఇచ్చి ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసెయ్. బెదిరింపు కాల్ వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, స్క్రీన్‌షాట్లు దాచుకో. అయితే నిబంధనను అందరూ పాటిస్తారని నమ్మి కూర్చోలేం కదా. ఎవడో రికవరీ వాడు షాపుకు ఫోన్ చేసి చెబితే నాన్నకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు, ఆలోచిస్తే నువ్వే ఈ ఆదివారం దాటకుండా ఆయనకు చెప్పేస్తావు.

ఎలా చెప్పాలి అంటావా? అమ్మతో చెప్పించకు. ఏడుస్తూ మొదలుపెట్టకు, ఏడిస్తే ఆయన నిన్ను ఓదార్చే పనిలో పడతారు, అసలు విషయం పక్కకు పోతుంది. రోజంతా పద్దులు రాసే మనిషి కాబట్టి ఆయనకు అలవాటైన పద్ధతిలోనే చెప్పు. ఒక తెల్ల కాగితం మీద ఎవరి దగ్గర ఎంత తీసుకున్నావు, ఏ తేదీన, యాప్‌లో వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ఎంత కోసుకున్నారు, ఎప్పటిలోగా కట్టాలి, అన్నీ రాసి ఆయన ముందు పెట్టు. "నాన్నా, స్టైపెండ్ రావట్లేదు, నేను అబద్ధం చెప్పాను, మీకిచ్చింది అప్పు డబ్బు" అని మూడు ముక్కల్లో చెప్పి ఆగిపో. సార్ మీద గానీ, మీ ఫ్రెండ్స్‌కి దొరికే స్టైపెండ్‌ల మీద గానీ ఆ పూట మాట్లాడొద్దు. ఆయన అరుస్తారేమో, రెండు రోజులు పలకరేమో. పడాలి, తప్పదు. చిట్టీ మాట మాత్రం వెంటనే ఎత్తు. ఇంకా పాడుకోకపోతే తన బదులు వేరేవాళ్లను చేర్చుకోమని చిట్టీ నడిపేవాళ్లను అడగొచ్చు. పాడుకున్నాక అది అప్పు కిందే లెక్క, అందుకే ఆలస్యం చేస్తే నష్టం ఆయనకే.

ఇక సార్ విషయం. ఆయన దుర్మార్గుడో మంచివాడో నీ ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) లాంటివి డబ్బిచ్చే ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసిస్టెంట్ అంటే ఒక పోస్టు. ప్రకటన ఇవ్వాలి, సెలెక్షన్ జరగాలి, పీజీ పూర్తయి ఉండాలి. నీది ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఆ పద్దు కింద నీకు ఇవ్వడం కుదరకపోవచ్చు. కానీ డేటా ఎంట్రీకి, ఫీల్డ్ పనికి వేరే పద్దు ఉందేమో అడిగితేనే తెలుస్తుంది. అడగడం తప్పు కాదు.

జీతం లేని ఇంటర్న్‌షిప్ అంతా మోసం అని కూడా నేను అనను. నీతి ఆయోగ్ వాళ్ల ఇంటర్న్‌షిప్‌లోనూ పైసా ఇవ్వరు. ప్రతి నెలా 1 నుంచి 10 వరకు అప్లికేషన్లు తీసుకుంటారు, కనీసం ఆరు వారాలు, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు, డబ్బులు ఉండవు అని ముందే రాసి పెడతారు. ఇష్టమైతే వెళ్తాం, లేకపోతే లేదు. నీ దగ్గర లేనిది ఆ కాగితమే. అందుకని సార్‌కి ఒక మెయిల్ పెట్టు, నాలుగు లైన్లు చాలు: ఏప్రిల్ నుంచి ఏమేం చేశాను, ఏ తేదీ వరకు చేయగలను, గౌరవ వేతనం ఏమైనా వీలవుతుందా, పేపర్‌లో నా పేరు ఎక్కడ ఉంటుంది. ఎదురుగా అడిగితే "చూద్దాంలే అమ్మా" అనేసి టీకి వెళ్లిపోతారు, మెయిల్‌కి జవాబు రాయడానికి కాస్త ఆలోచించాలి. వారం చూసి ఒకసారి గుర్తుచెయ్యి. అప్పటికీ జవాబు లేకపోతే నువ్వు రాసిన తేదీకి ఎక్కించిన ఫైళ్లు అప్పజెప్పి, అనుభవ పత్రం తీసుకుని బయటికి వచ్చెయ్. పేపర్‌లో పేరు గురించి మరీ ఆశ పెట్టుకోకు. ఫారాలు ఎక్కించినంత మాత్రాన రచయితగా పేరు వేయరు, చివర్లో కృతజ్ఞతల్లో వేస్తారు, అది న్యాయమే. విశ్లేషణలో కూడా చేతులు పెట్టనిస్తారా అని అడుగు. అప్పుడే ఆ రికమండేషన్ లెటర్‌లో రాయడానికి ఆయనకూ ఏదైనా ఉంటుంది.

నువ్వు నీ పనిని చిన్నచూపు చూస్తున్నావని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఫారంలో రైతు "3 ఎకరాల 10 గుంటలు" అని చెప్పింది ఉంటుంది. అలవాటు లేనివాళ్లు దాన్ని 3.10 అని కొట్టేస్తారు. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి అక్కడ పడాల్సింది 3.25. ఇలాంటివి కొన్ని వందల ఫారాల్లో జరిగితే భూమి సగటు మొత్తం తప్పుతుంది, దాని మీద రాసిన పేపరూ తప్పుతుంది. ఇది చూసి పట్టుకోగల మనిషి కావాలి ఎవరికైనా. ఎలాంటి తప్పులు దొరికాయి, ఎలా సరిచేశావు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండు, ఇంటర్వ్యూలో అదే పనికొస్తుంది.

బాబాయి చెప్పిన 15 వేల ఇంటర్న్‌షిప్ మాత్రం వద్దు. పని చేసేది మనం, డబ్బు కట్టేదీ మనమేనా? కోర్సు అని చెప్పి ఫీజు తీసుకుంటే అది వేరే మాట. బాబాయిని నొప్పించకుండా, అక్కడ ఎవరి డేటా మీద పని, ఎవరు చూసి దిద్దుతారు అని ఆయన్నే కనుక్కోమను, ఆ రెండు ప్రశ్నలతోనే చాలావరకు తేలిపోతుంది. ఆయన రేపు పీఎం ఇంటర్న్‌షిప్ అని కూడా అంటారేమో, అది రెగ్యులర్‌గా చదువుకునేవాళ్లకు వర్తిస్తుందో లేదో ముందు చూసుకో. ఆ 15 వేల పని నువ్వు ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. డేటా విశ్లేషణకు వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2017 నుంచి జరుగుతున్న కార్మిక సర్వే, అదే పీఎల్ఎఫ్ఎస్, దాని యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి వివరాలు, కేంద్ర గణాంక శాఖ సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి తెలంగాణ వరకు తీసి, ఆడవాళ్ల పని గురించి నాలుగు పేజీలు నీ సొంతంగా రాయి.

రిజర్వ్ బ్యాంక్ సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ ఉంటుంది గానీ అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 15 లోపు అప్లై చెయ్యాలి, చివరి ఏడాదికి ముందున్న వాళ్లకే, నీకు దాటిపోయింది. మీ జూనియర్లకైనా చెప్పు. నీ ముందున్నది యూజీసీ నెట్, కాలేజీలో పాఠాలు చెప్పడానికీ పరిశోధనకూ పెట్టే అర్హత పరీక్ష. చివరి సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు, అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఎం.ఏ. అయ్యాక గచ్చిబౌలిలో ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్, బేగంపేటలో సెస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల పడే రీసెర్చ్ పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండు. అవి జీతమొచ్చే ఉద్యోగాలు, నాన్నకి ఈ మాట ఆ ఆదివారం కాదు గానీ, ఆయన కాస్త చల్లబడ్డాక చెప్పు.

అప్పు తీరే దారి కూడా నాన్న అడిగేలోపు నువ్వే చెప్పాలి. ఉప్పల్, హబ్సిగూడ వైపు ఇంటర్ ఎకనామిక్స్‌కీ, డిగ్రీ స్టాటిస్టిక్స్‌కీ ట్యూషన్ చెప్పేవాళ్లకు గిరాకీ ఉంటుంది, సాయంత్రం రెండు గంటలు పెట్టుకో. వచ్చినదాంట్లో మొదట యాప్ మూసెయ్, వడ్డీ పెరిగేది అక్కడే. ఆ ఫ్రెండ్‌కి ఏ నెలలో ఎంత ఇస్తావో మెసేజ్ పెట్టు, ఆ అమ్మాయి మొహమాటానికి అడగట్లేదేమో గానీ తనకూ ఫీజులుంటాయి.