ఎక్స్‌రే నార్మల్ అన్నారు, మరి దగ్గితే ప్రాణం ఎందుకు పోతోంది?

మూడు రోజుల క్రితం బండి జారి పడ్డారు, హ్యాండిల్ డొక్కలో గుచ్చుకుంది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అయినా దగ్గినా పక్కకి ఒత్తిగిలినా పొడుస్తోంది, బెల్ట్ కట్టుకోవాలా అని కదా మీరడిగింది. నేను డాక్టర్ని కాదు. పోయినేడాది ఆరు వారాలు ఇదే పడ్డవాణ్ణి, అంతే.

నా దెబ్బ చెప్పుకోవడానికే సిగ్గు. నీళ్ల డ్రమ్ము అడుక్కి చెంబు జారిపోయింది. అంచు మీద బోర్లా వంగి, ఒంటి బరువంతా దాని మీదే మోపి చెయ్యి చాపాను. చెంబు అందింది గానీ ఎడమ రొమ్ము కింద 'టక్' మంది. అప్పటికి పెద్దగా ఏం లేదు. మర్నాడు పొద్దున మంచం మీంచి లేవబోతే తెలిసింది. ఎడమ వైపు అనేసరికి మా ఆవిడ గుండె అని హడలిపోయింది, మా అమ్మ గ్యాస్ అని వాము నీళ్లు పట్టుకొచ్చింది. ఆస్పత్రిలో ఈసీజీ, ఎక్స్‌రే రెండూ బాగానే వచ్చాయి. డాక్టర్ గారు ఒక్కో పక్కటెముకా వేలితో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగేసరికి కేక పెట్టాను.

ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి. వాటి మధ్య కండరాలు కమిలినా, రొమ్ము ఎముకకి అతికే మెత్తటి ఎముక బెణికినా కనిపించదు. సన్నటి పగులు కూడా మొదట్లో దొరక్కపోవచ్చు. దొరికినా మామూలు పగులైతే చేసేది ఇంచుమించు ఒకటే. చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతారు, పక్కటెముకలకి ఆ సెలవు లేదు. నిమిషానికి 15 శ్వాసల చొప్పున రోజుకి 21,600 సార్లు కదలాల్సిందే.

బెల్ట్ సంగతి. నేనూ మందుల షాపులో కొని రెండు రోజులు బిగించుకు తిరిగాను. హాయిగానే ఉంది, ఎందుకంటే ఊపిరి సగమే తీస్తున్నాను! అదే ప్రమాదం. ఊపిరి పైపైన తీస్తూ దగ్గుని బిగబట్టుకుంటే కఫం లోపలే ఉండిపోయి నిమ్ము చేసే అవకాశం ఉంది. అందుకే డాక్టర్ గారు దాన్ని తీయించేశారు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పది నిండు శ్వాసలు తియ్యమన్నారు. దగ్గు వస్తే దిండు గుండెలకి గట్టిగా హత్తుకుని దగ్గమన్నారు. ఆ దిండు నాతో ఆఫీసుకి కూడా వచ్చింది. నొప్పి మాత్ర రాసిస్తే ఓర్చుకుంటాలే అని మానెయ్యకండి, ఊపిరి బాగా తియ్యగలగాలనే అది. అల్సర్, కిడ్నీ, బీపీ సమస్యలుంటే మాత్రం ఏ మాత్రో అడిగే వేసుకోండి.

మొదటి రెండు రోజులు తువ్వాల్లో చుట్టిన ఐసు 15 నిమిషాలు, ఆ తర్వాత కాపడం నాకు పనిచేశాయి. బామ్ రాసి మర్దనా చేయించుకోవద్దు. లేచేటప్పుడు నిటారుగా కాకుండా, పక్కకి దొర్లి మోచేత్తో లేవండి.

కమిలితే రెండు నుంచి నాలుగు వారాలు, పగులైతే ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త. మూడో వారంలో తగ్గిందనుకుని నిండు గ్యాస్ బండ ఎత్తాను. మళ్లీ మొదటికొచ్చింది.

మీది హ్యాండిల్ దెబ్బ కాబట్టి ఒక్కటి గట్టిగా చెబుతాను. కింది పక్కటెముకల వెనక ఎడమ పక్క ప్లీహం (రక్తాన్ని వడకట్టే అవయవం, స్ప్లీన్ అంటారు), కుడి పక్క కాలేయం ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. పొట్ట నొప్పి పెరిగినా, భుజం పైన నొప్పెట్టినా, కళ్లు తిరిగినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఆయాసం, దగ్గులో రక్తం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉంటే వెంటనే 108. జ్వరం, పచ్చటి కఫం వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి.

మళ్లీ కాకుండా అంటారా, మా ఇంట్లో డ్రమ్ము పక్కన కొక్కెం కట్టిన కర్ర వేలాడుతోంది. పెద్దవాళ్లుంటే బాత్రూంలో రబ్బరు చాప, గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించండి. ఎముకలు గుల్లబారిన వయసులో గట్టి దగ్గుకే పక్కటెముక చిట్లొచ్చు, వాళ్ల దగ్గుని నెలల తరబడి వదిలెయ్యకండి. బండి మీరు ఎలాగూ కొన్నాళ్లు ముట్టుకోలేరు. సడెన్ బ్రేక్ వెయ్యాల్సొస్తే ఏమవుతుందో నాకు రెండో వారంలో తెలిసింది.