బెంగ అని సరిపెట్టుకోకండి, ముందు షుగర్ చూపించుకోండి

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 20. మాది తిరుపతి, కొర్లగుంట. బీటెక్ మూడో సంవత్సరం అయిపోయాక వేసవి ఇంటర్న్‌షిప్ కోసం జర్మనీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కు వచ్చాను. పన్నెండు వారాల్లో ఆరు అయ్యాయి. మేలో గంగమ్మ జాతరను అమ్మ వీడియో కాల్‌లో చూపించినప్పటి నుంచి ఇంటి మీద ఒకటే బెంగ. ఆదివారాలు మరీ ఘోరం, షాపులన్నీ మూసేస్తారు, హాస్టల్ ఖాళీగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి నిద్ర పట్టదు. పట్టినా మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కు లేస్తాను. ఇక్కడి గాలి పొడిగా ఉండడం వల్లేమో దాహం ఎక్కువ. నీళ్లు, ఆపిల్ జ్యూస్ తాగుతూనే ఉంటాను. మామూలు కంటే ఎక్కువే తింటున్నా 62 కిలోల వాడిని 56కి వచ్చాను. బెంగతో చిక్కిపోయావని అమ్మ అంటోంది. అమ్మ సర్దిన మందుల సంచిలో నాన్న వాడే నిద్ర మాత్ర అల్ప్రజోలం 0.25 ఉంటే మూడు వారాలుగా వేసుకుంటున్నాను. మొదట సగం, ఇప్పుడు ఒకటి. పెద్దగా పని చేయడం లేదు. 0.5 వేసుకోవచ్చా? బెంగ తగ్గడానికి మందు ఏమైనా ఉందా? మధ్యలోనే వచ్చేయడం మంచిదా? ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఖర్చు ఎక్కువని భయం. నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి.
— ఒక పాఠకుడు

జవాబు: ఈ రోజే షుగర్ పరీక్ష చేయించుకోండి నాయనా. రేపు కాదు, శనివారం సెలవు చూసుకుని కాదు. ఇది చదవడం అయ్యాక బయలుదేరండి. మాత్ర పెంచాలా, ఇంటికి రావాలా అన్నవి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, మీరు దారిలో చెప్పినట్టు చెప్పి వదిలేసిన మూడు విషయాలు నన్ను ఆపాయి. విపరీతమైన దాహం, రాత్రిపూట పదేపదే మూత్రం, తిన్నా తగ్గిపోతున్న బరువు. బెంగ పెట్టుకున్న మనిషి తిండి మానేసి చిక్కుతాడు. మీరు ఎక్కువ తిని చిక్కుతున్నారు. ఆరు వారాల్లో ఆరు కిలోలు. గాలి పొడిగా ఉండి దాహం వేస్తే మూత్రం తగ్గాలి, రంగు ముదరాలి. మీకు అలా జరగడం లేదు, రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తున్నారు. కాబట్టి గాలి మీద, ఆదివారాల మీద, జాతర మీద నెట్టేయకుండా ముందు రక్తంలో షుగర్ ఎంతుందో తెలియాలి.

మీకు షుగర్ వ్యాధి ఉందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి జబ్బు తేల్చేయడం కుదరదు, తేల్చకూడదు కూడా. కానీ ఇవే మాటలు చెబుతూ ఇరవై ఏళ్ల కుర్రాడు మా ఓపీకి వస్తే, కూర్చోబెట్టక ముందే వేలు గుచ్చి షుగర్ చూస్తాం. మీకూ అదే జరగాలి, అంతే.

నాన్నకు షుగర్ ఉందని రాశారు. బహుశా ఆయనది నడివయసులో మెల్లగా వచ్చి, మాత్రలతో అదుపులో ఉండే రకం అయి ఉంటుంది. అందుకే మన ఇళ్లలో షుగర్ అనగానే పెద్దవాళ్ల జబ్బు అనుకుంటారు. మీ వయసులో వచ్చే టైప్ 1 తీరు వేరు. అందులో పాంక్రియాస్, అంటే క్లోమ గ్రంథి, చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ తయారు చేయడం దాదాపు ఆపేస్తుంది. ఇన్సులిన్ లేక తిన్న చక్కెర కణాల్లోకి పోదు, రక్తంలోనే పేరుకుంటుంది. సుమారు 180 దాటాక కిడ్నీలు పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర వెంట నీళ్లూ పోతాయి, అందుకే దాహం. ఒంటికి శక్తి అందక కొవ్వు, కండ కరుగుతాయి, అందుకే ఫ్యాంటు వదులు. ఇదంతా కొన్ని వారాల్లోనే ముదిరిపోగలదు. దాహానికి ఆపిల్ జ్యూస్ తాగుతున్నానన్నారు. ఒకవేళ షుగరే అయితే అది మంటలో నెయ్యి పోసినట్టు. ఇప్పటికి మంచినీళ్లే తాగండి. తిండి మాత్రం మానొద్దు. ఇది చదివి భయపడి రెండు రోజులు అన్నం మానేసి పరీక్షకు వెళ్లేవాళ్లు ఉంటారు, మీరు ఆ పని చేయకండి.

జర్మనీలో చాలా ఫార్మసీల్లో వేలికొన రక్తంతో షుగర్ చూస్తారు. వాటిని అక్కడ అపోటేక్ అంటారు, బయట ఎర్రటి పెద్ద ఏ అక్షరం ఉంటుంది. ఈ లక్షణాలు ఉండగా ఏ వేళలో చూసినా 200 దాటితే అది షుగర్ కిందే లెక్క. మిల్లీమోల్‌లలో రాసిస్తే 11.1 దగ్గర చూడండి, రెండూ ఒకటే. అంత ఉంటే రూముకు వెళ్లి పడుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రంలో, రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ లేక కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) చూస్తారు, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు రక్తం పంపుతారు. ఫార్మసీ వాళ్ల చిన్న మెషీన్‌లో మామూలుగా ఉన్నా ల్యాబ్‌లో మరోసారి చూపించుకోవాల్సిందే.

వాంతులు, కడుపునొప్పి, ఊపిరి లోతుగా వేగంగా ఆడడం, నోట్లోంచి మగ్గిన పండు వాసన, మగతగా ఉండడం. వీటిలో ఏది కనిపించినా అక్కడి అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. అది కీటోఅసిడోసిస్, అంటే ఆ కీటోన్లు రక్తంలో పేరుకుపోవడం కావచ్చు, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. పక్క రూము వాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి, మగతలో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ చేయలేడు.

ఇక మీ నిద్ర మాత్ర సంగతి. ఇది రాసేటప్పుడు నాకు కొంచెం కోపం వస్తుంది, ఏమనుకోకండి. విదేశాలకు వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్ల డబ్బా పక్కన మందుల సంచి ఒకటి తప్పనిసరి అయిపోయింది. జ్వరానికి పారాసెటమాల్, విరేచనాలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెడితే మంచిదే. కానీ నాన్న నిద్ర మాత్ర, అమ్మ గ్యాస్ మాత్ర, నిరుడు ఎవరికో దగ్గొస్తే రాసిన యాంటీబయాటిక్‌లో మిగిలిన రెండు, ఇవి ఎందుకు? మా దగ్గరికి అలాంటి పాలిథిన్ కవర్లు రోజూ వస్తాయి. బల్ల మీద కుమ్మరిస్తే అన్నీ కత్తిరించిన స్ట్రిప్ ముక్కలే. ఒకదాని మీద పేరులో చివరి నాలుగు అక్షరాలు మిగిలి ఉంటాయి, ఇంకోదాని మీద అదీ ఉండదు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస షాపులోనే ఉండిపోయి ఉంటుంది. ‘ఇది దేనికమ్మా?’ అని అడిగితే ‘తెల్లది నిద్రకు సార్’ అంటారు. తెల్ల మాత్రలు వెయ్యి రకాలు ఉంటాయి.

అల్ప్రజోలం మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మినప్పుడు ఎవరికి ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఇంత కట్టడి ఊరికే పెట్టలేదు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒళ్లు అలవాటు పడిపోతుంది. మొదట సగంతో వచ్చిన నిద్ర తర్వాత ఒకటి వేసినా రాదు. మీకు జరుగుతున్నది అదే అయి ఉండొచ్చు. 0.5 వేసుకోవచ్చా అని అడిగారు. వద్దు. అలాగని ఈ రాత్రే డబ్బా చెత్తబుట్టలో పారేసి మొత్తం మానేయకండి. రోజూ వాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, గుండెదడ, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. ఎలా తగ్గించాలో అక్కడి డాక్టరే మిమ్మల్ని చూసి చెప్పాలి. ఈలోపు బీరు, వైన్ ముట్టొద్దు. మీరు తాగుతారని కాదు, ల్యాబ్ వాళ్లు శుక్రవారం సాయంత్రం బలవంతపెడతారేమోనని చెబుతున్నాను. ఈ మాత్ర, మద్యం కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

అసలు భయం ఇంకోటి ఉంది. షుగర్ బాగా పెరిగిన మనిషికి మగత వస్తే అది ప్రమాద సూచన. మీరేమో మాత్ర వేసుకుని పడుకున్నాను కాబట్టి మత్తుగా ఉందనుకుంటారు. చూసేవాళ్లూ అలాగే అనుకుని తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోతారు. అలాగే సంచిలో నాన్న షుగర్ మాత్రలు కూడా ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటి జోలికి పోవద్దు. టైప్ 1కి ఇన్సులిన్ తప్ప మాత్రలు సరిపోవు. ఇంట్లోవాళ్లు ఫోన్లో చెప్పే కాకరకాయ రసం, మెంతుల పొడి కూడా ఇప్పుడు వద్దు.

ఖర్చు గురించి భయపడుతున్నారు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేటప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకునే ఉంటారు, అది లేకుండా అక్కడికి వీసా ఇవ్వరు. ఆ కాగితం బయటికి తీసి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. క్లినిక్‌లు మూసి ఉండే వేళల్లో, ప్రాణాపాయం లేని వాటికి 116117 నంబరు ఉంది, దగ్గర్లో ఏ డాక్టర్ ఉన్నారో చెబుతారు. మీ ప్రొఫెసర్‌కో, ఇంటర్నేషనల్ ఆఫీసుకో చెబితే వెంట మనిషిని పంపుతారు. మొహమాటపడకండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని వెళ్లండి: ఎన్నాళ్లుగా దాహం, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతున్నారు, బరువు అప్పుడెంత ఇప్పుడెంత, అల్ప్రజోలం ఎంత మోతాదు ఎన్నాళ్లుగా. మాత్ర విషయం దాచొద్దు. మన పిల్లలు తిడతారని దాస్తారు.

షుగర్ మామూలుగా ఉందనుకోండి. అప్పుడు కూడా ఆరు కిలోలు ఎందుకు తగ్గారో తేలాలి. థైరాయిడ్ ఎక్కువగా పని చేసినా బాగా తింటూ చిక్కిపోతారు, నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌తో పాటు మామూలు రక్త పరీక్షలు చేయమనండి.

బెంగకు మందు ఉందా అని అడిగారు. లేదు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జొహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగను ఒక జబ్బుగా వర్ణిస్తూ ఏకంగా సిద్ధాంత గ్రంథమే రాశాడు. అందులో బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చి మంచం పట్టిన కుర్రాడి కథ ఉంది. ఇంటికి పంపిస్తే దారిలోనే కోలుకోవడం మొదలైందట. ఆ రోజుల్లో రక్తపరీక్షలు లేవు కాబట్టి ఆ కుర్రాడికి ఇంకేమైనా ఉందో లేదో మనకు తెలియదు. ఇప్పుడు దీన్ని జబ్బుగా చూడం. కొత్త చోట మోజు తీరాక రెండో వారమో మూడో వారమో మనసు దిగాలు పడటం మామూలే, చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది.

మీ విషయంలో ఒకటి మార్చమంటాను. రాత్రి నిద్ర పట్టక పది గంటలకు ఇంటికి ఫోన్ చేస్తుంటారని నా అనుమానం. అప్పుడు ఇక్కడ ఒంటిగంటన్నర. అమ్మ నిద్రకళ్లతో లేచి, మీ ముఖం చూసి, చిక్కిపోయావని ఏడుస్తుంది. మీకు ఆ రాత్రంతా నిద్ర ఉండదు. దాని బదులు ల్యాబ్ అయ్యాక ఐదింటికి చేయండి, ఇక్కడ ఎనిమిదిన్నర, ఇంట్లో భోజనాల వేళ. పావుగంట మాట్లాడి పెట్టేయండి. కిటికీకి మందమైన దుప్పటి కట్టినా చాలు, వెలుతురు ఆగుతుంది. శనివారమే సరుకులు తెచ్చుకుని ఆదివారం వంట పెట్టుకోండి, ల్యాబ్‌లో ఒకరినో ఇద్దరినో పిలవండి. రాగి పిండి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. ఊరిబిండి పచ్చడికి వేయించిన శెనక్కాయలు అక్కడా దొరుకుతాయి. అయితే ఈ విందులన్నీ రిపోర్టు వచ్చాకే, డాక్టర్ చెప్పినట్టే.

దిగులు రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉండి, దేని మీదా ఆసక్తి లేకపోతే మాత్రం దాన్ని బెంగ అనుకోకూడదు, డిప్రెషన్ కావచ్చు. యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది, అడగండి. బతికి లాభం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఎవరికైనా వెంటనే చెప్పాలి, 112కి అయినా సరే. ఇంట్లో అమ్మానాన్నలకు ఆందోళనగా ఉంటే వాళ్లు ఇక్కడి నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మధ్యలో వచ్చేయడం మంచిదా అన్నదానికి ఇప్పుడు జవాబు చెప్పను. పరీక్ష కాకుండా, ఫలితం తెలియకుండా విమానం మాత్రం ఎక్కకండి. ‘ఎలాగూ తిరుపతికి వెళ్తాం, రుయాలోనో స్విమ్స్‌లోనో చూపించుకుంటే పోలా’ అని అనిపిస్తుంది. అక్కడ మీరుంటున్న ఊరు నుంచి ఎయిర్‌పోర్టు, మధ్యలో మారే విమానం, చెన్నైలో దిగి మళ్లీ కారు. ఒక రోజు పైగా పడుతుంది. షుగర్ ఎక్కువగా ఉన్న ఒంటితో ఆ ప్రయాణం చేయకూడదు. ముందు అక్కడే చూపించుకుని, చికిత్స అవసరమైతే అక్కడే మొదలుపెట్టి, కుదుటపడ్డాక వాళ్లు సరేనంటే రండి. షుగర్ అదుపులోకి వస్తే రాత్రిళ్లు లేవడం తగ్గుతుంది, నిద్ర చాలావరకు దానంతటదే దారికొస్తుంది. అప్పుడు మిగిలిన వారాలు ఉండాలనే అనిపిస్తుందేమో.

ఇంటికి సంగతి చెప్పండి, కానీ రిపోర్టు చేతికి వచ్చాక. అమ్మ వెంటనే ఇంకో సంచి మందులు కొరియర్ చేస్తానంటుంది. వద్దని చెప్పండి.

— జనరల్ ఫిజీషియన్, తిరుపతి