ఇన్‌వాయిస్‌కూ ఒక పాఠకుడు ఉంటాడు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు రాసిచ్చిన పుస్తిక అచ్చయిందనీ, రాయించుకున్న సంస్థవారు ఎంతో మెచ్చుకున్నారనీ, అయినా రెండు నెలలుగా డబ్బు మాత్రం చేతికి రాలేదనీ, గట్టిగా అడిగితే ఇకమీదట పని ఇవ్వరేమోనని మెత్తగా గుర్తుచేసి ఊరుకున్నావనీ నీ ఉత్తరంలో చదివాను. జతచేసిన ఇన్‌వాయిస్ నకలు కూడా చూశాను. వాళ్ల అలసత్వం కొంత ఉండవచ్చు గాని, ఆ కాగితం చూశాక తప్పు పూర్తిగా వాళ్లదే అనలేకపోతున్నాను.

కథ రాసేటప్పుడు చదివేది ఎవరో ఆలోచించే మనం ఇన్‌వాయిస్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోతాం. నీ పని చూసి మెచ్చుకున్నది ఒకరు, డబ్బు పంపవలసినది మరొకరు. అకౌంట్స్ విభాగంలో ఉండే ఆ రెండో మనిషి నీ రచనలో ఒక్క వాక్యం కూడా చదివి ఉండరు, చదవవలసిన పనీ లేదు. ఎవరికి, దేనికి, ఎంత, ఏ తేదీలోగా, ఏ ఖాతాకు పంపాలో ఇంకెవరికీ ఫోను చేయకుండా ఆ ఒక్క కాగితం మీదే వారికి తెలియాలి.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తొలి రోజుల్లో ఒక సంస్థకు "రచనా సేవలకు" అని ఒక్క ముక్క రాసి, కింద మొత్తం వేసి పంపాను. మూడు నెలలు ఎదురుచూసి, నాకు పని అప్పగించిన సంపాదకుణ్ణి మనసులో నానా మాటలూ అనుకున్నాక తేలిందేమిటంటే, వారి పర్చేజ్ ఆర్డర్ (పని అప్పగిస్తూ సంస్థ జారీచేసే పత్రం) సంఖ్య వేయకపోవడం వల్ల నా ఇన్‌వాయిస్ "వివరణ కావలసినవి" అన్న ఫైలులో పడి ఉంది. ఆ వివరణ ఇవ్వవలసినది నేనేనని నాకు ఎవరూ చెప్పలేదు. సంఖ్య వేసి మళ్లీ పంపితే పది రోజుల్లో డబ్బు వచ్చింది.

నీ కాగితంలో "పుస్తిక రచన" అని మాత్రమే ఉంది. దాని బదులు "ఉత్పత్తి పరిచయ పుస్తిక, 12 పేజీలు, రెండు విడతల సవరణలతో సహా, 14వ తేదీన ఈమెయిల్ ద్వారా అందజేసినది" అని రాసి ఉంటే, పని ఎంతో, ఎప్పుడు పూర్తయిందో అనుమానానికి తావుండేది కాదు. ప్రతి ఇన్‌వాయిస్‌కూ వేరే వరుస సంఖ్య ఉండాలి. ఒకే సంఖ్యతో రెండోది వెళితే పాతదే మళ్లీ వచ్చిందనుకుని పక్కన పెట్టేస్తారు. అన్నిటికంటే ముఖ్యం గడువు. "30 రోజుల్లో చెల్లించగలరు" అని రాశావు. ఆ లెక్క నువ్వు పంపిన రోజునుంచా, వారికి అందిన రోజునుంచా, ఆ నెల ముగిసిన నాటినుంచా? ఎవరికి అనువైన అర్థం వారు తీసుకుంటారు. నేరుగా తేదీ వేస్తే ఆ వెసులుబాటు ఉండదు.

ఆలస్యం చేసేవారిని అదుపు చేయడానికి చట్టాలు లేకపోలేదు. భారతదేశంలో 2006 నాటి చట్టం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన బకాయిలకు గరిష్ఠంగా 45 రోజుల గడువు పెట్టింది. న్యూయార్క్ నగరంలో 2017లో అమలులోకి వచ్చిన చట్టం ఫ్రీలాన్సర్లకు, ఒప్పందంలో చెల్లింపు తేదీ లేని పక్షంలో, పని పూర్తయిన 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలంది. వేటిని ఆశ్రయించినా ముందు అడిగేది తేదీలతో కూడిన కాగితమే.

ఒప్పందం గురించి విడిగా ఎప్పుడైనా రాస్తాను. ఇప్పటికి కొంత అడ్వాన్సు తీసుకోకుండా పెద్ద పని మొదలుపెట్టకు; రచన మీది హక్కులు పూర్తి చెల్లింపు అందిన తరువాతే వారికి బదిలీ అవుతాయని ముందే రాయించుకో. విదేశీ క్లయింటు అయితే మధ్యలో బ్యాంకులు కోసుకునే రుసుము ఎవరు భరించాలో కూడా ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఆ కోత నీ పారితోషికంలోనే పడుతుంది.

ఇక మొహమాటం సంగతి. అడగనిదే అమ్మైనా పెట్టదని అందరమూ అంటాం గాని, అడిగే తీరు మనకు చేతకాదు. "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, వీలు చూసుకుని..." అని డబ్బు గుర్తుచేస్తూ నువ్వు వారికి రాసిన లేఖలో సంజాయిషీ నాలుగు వాక్యాలుంటే, ఇన్‌వాయిస్ సంఖ్య ఒక్కచోట కూడా లేదు. వీలు చూసుకోమంటే వారు నిజంగానే వీలు చూసుకుంటారు. కోపమూ అక్కరలేదు, ప్రాధేయపడడమూ అక్కరలేదు.

రేపు ఉదయం ఇన్‌వాయిస్‌ను సరిచేసి, పాతదానికి బదులుగా పంపుతున్నట్టు దాని మీదే రాసి, పీడీఎఫ్‌గా అకౌంట్స్ విభాగానికి పంపు; నీకు పని అప్పగించినవారికీ ఒక నకలు వెళ్లాలి. వారి పర్చేజ్ ఆర్డర్ సంఖ్య నీ దగ్గర లేకపోతే ముందు అది అడిగి తెలుసుకో. ఈమెయిల్‌లో ఇంతే రాయి: "ఫలానా సంఖ్య గల ఇన్‌వాయిస్ గడువు ఫలానా తేదీతో ముగిసింది. సరిచేసిన ప్రతిని జతచేశాను. చెల్లింపు ఏ తేదీన జరుగుతుందో తెలియజేయగలరు." వారం లోపల జవాబు రాకపోతే ఫోను చేయి, ఎవరితో మాట్లాడావో, ఏ తేదీ చెప్పారో అప్పటికప్పుడే రాసిపెట్టుకో. ఆ వివరాలు నాకు పంపితే తరువాతి ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి