పండగకి ఊరెళ్లాలంటేనే గుండె దడ... ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. కూకట్‌పల్లిలో ఉంటాం. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. మావారిది భీమవరం పక్కన పల్లెటూరు. ఏటా సంక్రాంతికి నాలుగైదు రోజులు అక్కడే ఉంటాం. ఇంటినిండా పాతిక మంది జనం. నేనూ మా తోటికోడలూ వంటింట్లోంచి బయటికి వచ్చేది తక్కువ. వచ్చిన చుట్టాలేమో ‘రెండోబిడ్డ ఎప్పుడు?’, ‘బాబుకి మార్కులెన్ని?’ అంటూ ప్రాణం తీస్తారు. ఇన్నేళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఈసారి మాత్రం డిసెంబరు సగం నుంచే గుండె దడ, అర్ధరాత్రి మెలకువ వచ్చేయడం, బాబు మీద ఊరికే అరవడం. మొన్న క్లాసులో చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి ఆడనట్టయింది. ఈసీజీ తీస్తే నార్మల్ అన్నారు. నా స్నేహితురాలు తను టెన్షన్‌కి వాడే అల్ప్రాజోలం మాత్ర సగం విరిచి ఇస్తే నాలుగైదుసార్లు వేసుకున్నాను. హాయిగా అనిపించింది. పండగకి అవి తీసుకెళ్లవచ్చా? అంతమంది మధ్యలో ఉన్నా నాకు ఎవరూ లేనట్టే ఉంటుంది. ఇది జబ్బా? అన్నట్టు, మా నాన్నగారు పోయిన మే నెలలో చనిపోయారు. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కతే ఉంటోంది. ఈ ఏడాది తనకి పండగ లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదివింది చివర్లో మీరు రాసిన ఆ మూడు వాక్యాలే. వంటిల్లు, చుట్టాలు, ప్రశ్నలు ఏటా ఉన్నవే. వాటిని ఇన్నేళ్లూ తట్టుకున్నారు. ఈ ఏడాది కొత్తగా వచ్చింది మీ నాన్నగారు లేని లోటు. ఆయన పోయాక వస్తున్న మొదటి సంక్రాంతి ఇది. అందులోనూ ఇది పెద్దల పండగ. మీ అత్తగారింట్లో వాళ్ల పెద్దలకు కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకునేటప్పుడు మీరూ అక్కడే నిలబడాలి. అప్పుడు నాన్న గుర్తు రాకుండా ఎలా ఉంటారు? స్కూలు, బాబు చదువు, అమ్మ మందులు... వీటన్నిటి మధ్య మీరు తీరిగ్గా కూర్చుని ఏడ్చింది కూడా తక్కువే అయి ఉంటుంది. లోపల దిగమింగుకున్న దుఃఖం చాలామందిలో దడగా, నిద్రలేమిగా, చిన్నదానికే కోపంగా బయటపడుతుంది. బాబు మీద అరిచినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. ‘తాతయ్య గుర్తొచ్చి నాకు దిగులుగా ఉంటోంది నాన్నా, నీ తప్పేం లేదు’ అని వాడితో ఒక్క మాట అనండి. పిల్లలకు అది బాగా అర్థమవుతుంది.

ఇక జబ్బా అన్న ప్రశ్న. మీరు రాసిన దాన్నిబట్టి క్లాసులో వచ్చింది పానిక్ అటాక్ లాగే ఉంది. భయం వేసినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. మనకు తెలియకుండానే గబగబా ఊపిరి పీలుస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లకీ, మూతి చుట్టూ తిమ్మిర్లు వస్తాయి. ‘నాకేదో అయిపోతోంది’ అనిపించి భయం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో ఇది బాగా ఎక్కువై, అరగంట లోపు దానంతటదే తగ్గుతుంది. ఆ కాసేపూ ప్రాణం పోతున్నట్టే ఉంటుంది కానీ, దీనివల్ల ప్రాణం పోదు. అయితే ఈసీజీ ఒక్కటే సరిపోదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, రక్తహీనత ఉన్నా ఇలాగే దడ వస్తుంది. కాబట్టి ఊరెళ్లేలోపు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), సీబీపీ (రక్తహీనత కోసం) పరీక్షలు చేయించుకోండి. ఎక్కడైనా చేసే మామూలు రక్తపరీక్షలే. ఎప్పుడైనా ఛాతీలో నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, కళ్లు తిరిగి పడిపోయినా మాత్రం టెన్షన్‌లే అని సరిపెట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించండి.

దడ మొదలైనప్పుడు చేయాల్సింది ఒకటుంది. ముక్కుతో నెమ్మదిగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడం ఎప్పుడూ తీసుకోవడం కంటే ఎక్కువసేపు ఉండాలి. ఇలా ఐదు నిమిషాలు చేస్తే గుండె వేగం తగ్గడం మీకే తెలుస్తుంది. కళ్లు తిరుగుతున్నట్టుంటే లెక్క కాస్త తగ్గించుకోండి. ఇది దడ వచ్చిన రోజు మొదలుపెడితే కుదరదు. ఇవాళ్టి నుంచే రోజూ పొద్దున స్కూలుకి బయల్దేరే ముందూ, రాత్రి పడుకునే ముందూ సాధన చేయండి. అప్పుడే అవసరం వచ్చినప్పుడు శరీరానికి అలవాటుగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీలు మానేయండి. పండగ ఇంట్లో గంటకో గ్లాసు చేతిలో పెడతారు, మొహమాటపడొద్దు.

మాత్రల సంగతి కచ్చితంగా చెప్పాలి. అల్ప్రాజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు. వేసుకున్న గంటలోపే హాయిగా ఉంటుంది కాబట్టే అలవాటు పడటం తేలిక. కొన్ని వారాలు వరసగా వాడితే, మానేసిన రోజు దడ, నిద్రలేమి మునుపటి కంటే ఎక్కువగా వస్తాయి. మగత వల్ల కాగే నూనె దగ్గర నిలబడి పనిచేయడం కూడా ప్రమాదమే. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. మీరు నాలుగైదుసార్లే వేసుకున్నారు గనుక ఇప్పుడు ఆపేస్తే ఇబ్బందేమీ ఉండదు. మిగిలినవి స్నేహితురాలికి తిరిగి ఇచ్చేయండి. తను రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకుండా తన డాక్టర్‌ను కలిసి నెమ్మదిగా తగ్గించుకోమనండి. మీకు మందు అవసరమైతే మిమ్మల్ని చూసిన డాక్టరే రాయాలి. ఆందోళన తగ్గడానికి ఎక్కువగా రాసే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పండగ నాలుగు రోజులకని వేసుకునేవి కావు అవి.

ఇప్పుడు అసలు పని. మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఆయన ఊరి పేరు వరకే ఉంది. మీ పరిస్థితి ఆయనకి తెలుసా? ఊరెళ్లాక వంటింటి గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా ఈ మాటలు తేలవు. ఇక్కడే, బ్యాగులు సర్దకముందే, బాబు పడుకున్నాక చెప్పండి. ‘మీ ఇంటికి రావడం నాకిష్టం లేదు’ అన్నట్టు కాకుండా ‘నాన్న పోయాక నాకు గుండె దడగా ఉంటోంది, డాక్టర్‌ని అడిగాను, ఈసారి నాకు మీ సాయం కావాలి’ అని అనండి. ఏం సాయం కావాలో కూడా విడమరిచి చెప్పండి. ‘అర్థం చేసుకోండి’ అంటే మగవాళ్లు తలూపుతారు గానీ ఏం చేయాలో వాళ్లకి తోచదు. ఉదాహరణకి ప్రయాణం. చివరి గంట వరకూ ఆఫీసు, స్కూలు చూసుకుని, రాత్రి పదింటికి బయల్దేరి, పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటలు గంటలు నిలబడి, తెల్లారి ఇంట్లో దిగుతూనే కొంగు బిగించి పొయ్యి దగ్గరికి వెళ్తే ఎవరి నరాలైనా తట్టుకోలేవు. ఒకరోజు ముందే బయల్దేరండి, లేదా పగటిపూట వెళ్లండి. వెళ్లిన రోజు మూడు గంటలు పడుకోవాలి. ఆ మాట మీ అత్తగారికి మీవారే ముందుగా ఫోన్లో చెప్పాలి, మీరు కాదు. తిరుగు ప్రయాణం కూడా ఇప్పుడే అనుకోండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజు గొడవపడకండి. ముక్కనుమ పొద్దున్నే బయల్దేరేట్టు ఒప్పించండి.

వంటిల్లు మొత్తం శత్రువని అనుకోకండి. మీకు తోడు దొరికే చోటు కూడా అక్కడే ఉందని నా నమ్మకం. అరిసెలు వండేటప్పుడు గమనించండి, అది ఒక్కరు చేసే పని కాదు. ఒకరు పాకం పిండిని తట్టి నూనెలో వేస్తుంటే, ఇంకొకరు తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. ఇద్దరి చేతులూ పనిలో ఉంటాయి, ఫోన్ ముట్టుకునే వీలుండదు, గంటన్నర కదలడానికి లేదు. మీ తోటికోడలు ఇన్నేళ్లుగా మీ పక్కనే నిలబడి ఉంది. ఆమె కూడా ఏదో మోస్తూనే ఉండి ఉంటుంది. ఆ గంటన్నరలో ఆమెతో మీ నాన్నగారి గురించి మాట్లాడండి. ఆయనకి ఏ పిండివంట ఇష్టమో చెప్పండి, ఏడుపొస్తే ఏడవండి. పాతిక మందితో సర్దుకుపోవడం మనసుని అలసటపెడుతుంది, ఒక్క మనిషితో మనసు విప్పి మాట్లాడటం దాన్ని తేలికపరుస్తుంది. పని కూడా ముందే పంచుకోండి. అన్నీ ఇంట్లోనే వండాలన్న పట్టుదల ఎవరికీ మంచిది కాదు. జంతికలు, సున్నుండలు ఊళ్లో చేసి అమ్మేవాళ్ల దగ్గర చెప్పించండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట గది తలుపు వేసుకుని పడుకుంటానని మొదటి రోజే అందరికీ చెప్పేయండి. మొదటి రోజు చెబితే అలవాటనుకుంటారు, మూడో రోజు చెబితే అలిగారనుకుంటారు.

చుట్టాల ప్రశ్నలకి పెద్దగా ఆలోచించకండి. ‘అది మేమిద్దరం చూసుకుంటాం పిన్నీ, మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?’ అంటే చాలు, ఆవిడ తన సంగతే చెప్పుకుంటుంది. రెండోసారి అడిగితే జవాబు మీవారు చెప్పాలి. మార్కుల గురించి బాబుని నలుగురిలో నిలబెట్టి అడిగితే మాత్రం ఊరుకోకండి. ‘వాడు సెలవుల్లో ఉన్నాడు బాబాయ్’ అని వాడిని బయటికి పంపేయండి.

అమ్మ గురించి మీకున్న దిగులు సబబైనదే. పండగ వారం హైదరాబాద్ ఎలా ఉంటుందో మనకు తెలుసు. పక్క ఫ్లాట్లకి తాళాలు, వాచ్‌మన్ ఊరెళ్తాడు, పనమ్మాయి రాదు, కర్రీ పాయింట్లు మూసి ఉంటాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి నిజంగా కష్టమైన వారం అది. వెళ్లే ముందు ఒక పూట అమ్మ దగ్గర ఉండండి. బీపీ, షుగర్ మాత్రలు పది రోజులకు సరిపడా కొనిపెట్టండి. పాలు ఎవరు తెచ్చిస్తారో, రాత్రి ఏదైనా అయితే తలుపు తట్టడానికి ఆ బిల్డింగ్‌లో ఎవరు మిగులుతారో కనుక్కుని ఆ నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పిన్నో, పెద్దమ్మో ఎవరైనా ఆ నాలుగు రోజులు వచ్చి ఉంటారేమో అడగండి. అక్కడి నుంచి రోజూ ఒకే సమయానికి, సాయంత్రం ఆరింటికి అనుకోండి, ఫోన్ చేయండి. ‘తిన్నావా, మందులేసుకున్నావా’ దగ్గర ఆపేయకుండా నాన్న ఊసు ఎత్తండి. అమ్మ బాధపడుతుందని మీరూ, మీరు బాధపడతారని అమ్మా ఆయన పేరే తలవకుండా ఇన్ని నెలలు గడిపి ఉంటారు. ‘నాన్న ఉంటే ఈపాటికి ఏం చేస్తుండేవారమ్మా?’ అని అడిగి చూడండి.

ఈసారి అసలు వెళ్లలేననిపిస్తే, మీవారినీ బాబునీ పంపి మీరు అమ్మ దగ్గరే ఉండిపోవచ్చు. తండ్రి పోయిన ఏడాది కూతురు తల్లి దగ్గర ఉంటానంటే అత్తగారి మనసు కష్టపడినా కొన్నాళ్లకి సర్దుకుంటుంది. వెళ్లడానికీ మానడానికీ డాక్టర్‌గా నా అభ్యంతరం ఏదీ లేదు. నిర్ణయం మీ ఇద్దరూ కలిసి తీసుకోవాలి, భయంతో కాకుండా.

రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండీ నిద్రా తప్పినా, పానిక్ అటాక్‌లు పదే పదే వస్తున్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. కౌన్సెలింగ్‌తోనే చాలామందికి బాగా తగ్గుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పండగ అయ్యేదాకా ఆగకండి, ఇంట్లోవాళ్లకి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఊళ్లో ఉండగా రాత్రిపూట ఎవరితోనూ చెప్పుకోలేకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. మానసిక సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మ ఫోన్లో కూడా ఆ నంబరు సేవ్ చేసిపెట్టండి. రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక, వాటిలో ఏమైనా తేడా ఉంటే, ప్రయాణం కంటే ముందు మీ ఫిజీషియన్‌కి చూపించండి.