గేదె దాణా ముట్టడం లేదు: ఆకలి హార్మోన్ ఇంజెక్షన్ చేయించవచ్చా?

ప్రశ్న: మా ముర్రా గేదె రెండో ఈత ఈని మూడు వారాలైంది. మొదట్లో పూటకు ఐదు లీటర్లు ఇచ్చింది. వారం నుంచి దాణాకు మూతి పెట్టడం లేదు, చొప్ప మాత్రం కొద్దిగా నములుతోంది. పాలు సగానికి పడిపోయాయి, బాగా బక్కచిక్కింది. రోజూ బెల్లం పెడుతున్నాను. ఆకలి పుట్టించే హార్మోన్ మెదడులో తయారవుతుందని, దాని ఇంజెక్షన్ చేయిస్తే మేత తింటుందని మా ఊళ్లో ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు విన్న హార్మోన్ పేరు గ్రెలిన్. అది ప్రధానంగా తయారయ్యేది కడుపులో. నెమరువేసే పశువుల పొట్టలో నాలుగు గదులుంటాయి కదా, వాటిలో చివరిదైన అబొమేజం గోడల్లోని కణాలే దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. చిన్నపేగు మొదట్లో కొంత, మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో అతి స్వల్పంగా కనిపిస్తుంది.

మెదడు మాట ఎందుకు వచ్చిందంటే, గ్రెలిన్ మోసుకొచ్చే కబురు అందుకుని ఆకలి పుట్టించేది హైపోథాలమస్సే. ఈ కబురు అందుకునే గ్రాహకాన్ని 1996లోనే గుర్తించారు. కానీ దానికి సరిపడే హార్మోన్ ఏదో అప్పటికి తెలియదు. చివరికి 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం దాన్ని ఎలుక జీర్ణాశయంలో కనుక్కుంది. కడుపు ఖాళీ అయినప్పుడు రక్తంలో ఇది పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. రోజూ ఒకే వేళకు మేత వేసే గొర్రెల్లో, సరిగ్గా ఆ వేళకు ముందు పెరగడం గమనించారు.

ఇక ఇంజెక్షన్ సంగతి. గ్రెలిన్‌లా పనిచేసే మందు ఒకదానికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే. అయితే అది కుక్కలకు తాగించేది, పాలిచ్చే గేదెకు వాడేది కాదు. పైగా ఒక జీవిలో జరిగింది ఇంకో జీవిలో జరుగుతుందని చెప్పలేం. కోడిపిల్లల మెదడులోకి గ్రెలిన్ ఎక్కిస్తే అవి మేత తగ్గించేశాయి! కాబట్టి ఎవరైనా 'ఆకలి సూది' అని చెప్పి పొడుస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.

మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు మొదట కీటోసిస్ మీదే అనుమానం వస్తోంది. ఈనిన తర్వాత పాలకు కావలసినంత శక్తి మేత నుంచి అందక, పశువు తన ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటుంది. కాలేయం ఆ కొవ్వును పూర్తిగా వాడుకోలేకపోతే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పేరుకుంటాయి, దీన్నే కీటోసిస్ అంటారు. అప్పుడు గేదె దాణా వదిలేసి చొప్ప వైపు వెళ్తుంది, శ్వాసలో తియ్యని వాసన రావచ్చు. మూత్రంలో కీటోన్లను పట్టే రోథెరా పరీక్ష చేస్తే కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. సాధారణంగా డాక్టర్లు నరానికి గ్లూకోజ్ ఎక్కిస్తారు, తర్వాత కొన్ని రోజులు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే శక్తినిచ్చే ద్రవం తాగిస్తారు. మోతాదు వాళ్లనే నిర్ణయించనివ్వండి. బెల్లం వల్ల పెద్దగా లాభం ఉండదు. అది పెద్ద పొట్టలోనే పులిసిపోతుంది, గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరేది బహు తక్కువ.

అయితే మేత మానడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఈనినప్పుడు మాయ పూర్తిగా పడిందా, మానం నుంచి చెడు వాసనతో స్రావం వస్తోందా, పొదుగు వాచిందా, జ్వరం ఉందా చూడండి. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఉంచితే నిమిషానికి ఒకసారైనా పొట్ట కదలిక తెలియాలి. పేడ ఎలా వేస్తోందో, మేతలో తీగ ముక్క గానీ మేకు గానీ వెళ్లే అవకాశం ఉందో డాక్టరుకు చెప్పండి. వారం గడిచింది కాబట్టి ఇక ఆగొద్దు, ఇవాళే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. ఈలోగా దాణా బలవంతంగా గొట్టంతో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకు వస్తుంది. లేత పచ్చగడ్డి, శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.