సమాధానం: ఐపీ మారినా ఇంటి కంప్యూటర్ అందాలంటే

అన్నా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐపీ (ఇంటర్నెట్‌లో మీ ఇంటి అడ్రస్) మారి, కరీంనగర్ ఆఫీసు నుంచి హన్మకొండ ఇంటి కంప్యూటర్ కనెక్ట్ అయితలేదన్నారు కదా. డక్‌డీఎన్‌ఎస్ (ఐపీకి ఒక పేరు తగిలించే సర్వీసు) పెట్టుకుంటే ఐపీ మారినా పేరు మారదు, నిజమే. కానీ ముందు ఒకటి చూడండి.

రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) ఉంటుంది. గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' కొడితే వచ్చేదీ అదే అయితే డక్‌డీఎన్‌ఎస్ చాలు. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతారు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను ఇంటి కంప్యూటర్‌కు పంపే రౌటర్ సెట్టింగ్) ఎంత చేసినా బయటి నుంచి లోపలికి దారుండదు. నాదీ అదే కథ, కాజీపేటలో రెండు ఆదివారాలు రౌటర్‌తో కుస్తీ పట్టినంక తెలిసింది.

అట్లయితే టెయిల్‌స్కేల్ (మీ కంప్యూటర్లను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే యాప్) వేయండి. ఇంటి కంప్యూటర్‌లో, మీ ల్యాప్‌టాప్‌లో ఒకే ఖాతాతో లాగిన్ కావాలి. ఇంటిదానికి ఒక అడ్రస్ ఇస్తుంది (అదీ 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి), అది మారదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో అదే కొట్టండి. ఇంట్లో విండోస్ ప్రో ఉండాలి. విండోస్ హోమ్ అయితే రస్ట్‌డెస్క్ (రిమోట్ డెస్క్‌టాప్ లాంటిదే ఇంకో యాప్) వాడుకోండి.

రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవనే తెరవకండి. పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు రాత్రింబవళ్లు దాని మీదే పడి ఉంటాయి.

కరెంటు సంగతి కూడా చూడాలె. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్‌లు) 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' ఆన్ చేసి, టెయిల్‌స్కేల్ మెనూలో 'రన్ అన్‌అటెండెడ్' టిక్ పెట్టండి. కరెంటు రాగానే అదే లేచి, ఎవరూ లాగిన్ కాకున్నా కనెక్ట్ అవుతుంది.